చప్పిడి కూడు

తాతారావు చనిపోయిన రోజు డుంబ్రిగుడలో సంత. వాడిని ఆస్పత్రికి తీసుకెళ్లే జీపు సంత మధ్యలోంచే పోవలసి వచ్చింది. డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. అడ్డాకుల కట్టలు, అల్లం బస్తాలు పక్కకు లాగి జనం దారి ఇచ్చారు. వెనక సీటులో నా ఒడిలో తమ్ముడి తల, అమ్మ ఒడిలో కాళ్లు. వాడి చేతులు రెండూ వణుకుతున్నాయి. మలేరియా చలికి వణికే వణుకు కాదు. చేటతో చెరిగినట్టు పెద్ద వణుకు. పక్కకు జరిగినవాళ్లలో ఒకడు లోపలికి తొంగిచూసి, "రోడ్డు మేస్త్రీరా. మళ్లీ పిచ్చి లెగిసినాది," అన్నాడు.

"పిచ్చి కాదు, జీలుగు కల్లు," అన్నాడు ఇంకొకడు.

ఇద్దరూ నవ్వారు.

అనంతగిరి దాటి ఘాటు దిగుతుండగా వణుకు ఆగింది. "తగ్గినాది, సూడు, తగ్గినాది," అంది అమ్మ. నేను నాడి పట్టుకునే ఉన్నాను. తగ్గింది వణుకు కాదు. ఆ మాట నోటితో చెప్పడానికి నాకు ఇంకో మైలు పట్టింది.

వాడికి ముప్ఫై నాలుగేళ్లు. నాకంటే అయిదేళ్లు చిన్న. అది 1978, వైశాఖం.

మూడో రోజుకల్లా ఊళ్లో ఒక వాక్యం తయారైంది. "పిచ్చి మందు తిని పోయాడు." పరామర్శకు వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని ఆ వాక్యాన్నే అటూ ఇటూ తిప్పి చెప్పుకున్నారు. పదిహేడేళ్లుగా పిల్లలకు వాక్యాలు దిద్దుతున్నాను. తప్పు వాక్యమైతే కొట్టేసి ఊరుకునేదాన్ని. అది పూర్తిగా తప్పు కాదు. అందులో ఒక్క మాట తక్కువైంది. ఆ మాట కోసం ఇది రాస్తున్నాను.

మాది సాలూరు దగ్గర పల్లె. నాకు డుంబ్రిగుడ ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం వచ్చాక అమ్మా, తాతారావూ నా దగ్గరికే వచ్చేశారు. వాడికి రోడ్ల శాఖలో మేస్త్రీ పని దొరికింది. రాళ్లు పేర్చడం, కట్ట వేయడం, నీళ్లు ఎటు పోతాయో చూసి కల్వర్టు పెట్టడం వాడికి వచ్చిన విద్య.

డెబ్బై ఒకటిలో మాఘమాసం నుంచి వాడికి నిద్ర పట్టడం మానేసింది. రెండు గంటలు పడుకుంటే ఎక్కువ. మాట మీద మాట, నవ్వు మీద నవ్వు. కొండ మీద చింతగుడ అని ఇరవై ఇళ్ల ఊరుంది. వాళ్లు సంతకు దిగాలంటే వాగు రాళ్ల మీద పాకుతూ రావాలి. ఆ ఊరికి దారి వేస్తానన్నాడు. ఎవరూ చెప్పలేదు, ఏ కాగితమూ లేదు. ఎనభై మందిని పోగుచేసి, పదకొండు రోజుల్లో దారి వేశాడు. గునపం పట్టినవాడి పక్కన గునపం పట్టాడు, పాడేవాళ్లతో పాడాడు. చింతగుడ ఆడవాళ్లు వాడి కాళ్లకు నీళ్లు పోశారు. ఇంజనీరుగారు జీపు దిగి, ఆ దారి మీద నిలబడి ఫొటో తీయించుకున్నారు.

వానలు మొదలయ్యేసరికి వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నాలుగు నెలలు. స్నానం చెయ్యమంటే ఏడ్చేవాడు. నేను అన్నం కలిపి ముద్ద చేతిలో పెడితే, ముద్ద చేతిలోనే ఎండిపోయేది. పనికి రానందుకు మెమో వచ్చింది. ఫొటో తీయించుకున్న ఇంజనీరుగారే దాని మీద సంతకం పెట్టారు.

ఆ తరువాత నాలుగేళ్లు అదే వరస. పైకి లేచినప్పుడు దేవుడన్నారు. కిందికి పడినప్పుడు సోమరిపోతన్నారు. ఇంకోసారి పైకి లేచి, సంతలో ఎవరితోనో కలబడితే పిచ్చివాడన్నారు. కొండమీంచి దిసారిని, అంటే వాళ్ల పూజారిని, పిలిస్తే ఆయన ముహూర్తం చూసి కోడిని కోసి, పొలిమేర దేవత కోపమని చెప్పి వెళ్లాడు. ఆయన కనీసం వాడి మీద చెయ్యి వెయ్యలేదు. సాలూరు నుంచి వచ్చిన బంధువు ఒకాయన వాడిని పశువుల శాల గుంజకు కట్టి చింతబరికెతో కొట్టాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. వాడి దినానికి వచ్చి, గారెలు బాగున్నాయని అన్నాడు.

డెబ్బై అయిదులో విశాఖ తీసుకెళ్లాను. అక్కడ ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ. దెయ్యమా, తాగుడా అని అడగలేదు. రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతావని అడిగింది. ఏ నెలలో తగ్గింది, ఏ నెలలో పెరిగింది అని అడిగింది. నేను హాజరుపట్టీ రాసే మనిషిని కాబట్టి నెలలు చెప్పగలిగాను. ఆమె ఒక కాగితం మీద గీత గీసింది, కొండలూ లోయలూ లాగా.

"దారి వేసినప్పుడు ఒక జబ్బు, గోడకు తిరిగినప్పుడు ఇంకో జబ్బు అనుకుంటున్నారు మీరు. రెండూ ఒకటే. పైకి లేచినప్పుడు జబ్బు తగ్గిందని సంబరపడ్డారు చూడండి, అప్పుడే ఎక్కువగా ఉంది," అంది.

సంబరపడినవాళ్లలో నేనూ ఉన్నాను.

లిథియం అనే మందు రాసింది. మాత్రలు ఒక్కటే అయితే వాడు నెలకే మానేసేవాడని నా నమ్మకం. నెలకోసారి వాడిని కూర్చోబెట్టి ముప్పావు గంట మాట్లాడేది. మొదట్లో వాడు తల ఎత్తేవాడు కాదు. మూడోసారి అనుకుంటాను, "మీకు అర్థమయ్యేలా నాకు సెప్పడం రాదండి," అన్నాడు. "నీ పనిలో మాటలే వాడు," అందామె. అప్పుడు వాడు జేబులోంచి రసమట్టం తీశాడు. ఎత్తుపల్లం చూడడానికి మేస్త్రీలు పెట్టుకునే గాజుగొట్టం. లోపల నీళ్లలో బుడగ ఉంటుంది.

"ఇదండి నాను," అన్నాడు. "పలక ఒంగితే బుడగ జరిగిపోద్ది. బుడగ తప్పు గాదు."

డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ ఒంచి చూసింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ అదే భాష. బుడగ గీతల మధ్య ఉంటే మామూలు. నిద్ర అయిదు గంటల కంటే తగ్గితే ఒక గీత దాటినట్టు. అప్పుడు కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు, ఎవరికీ మాట ఇవ్వకూడదు, అప్పకు, అంటే నాకు, చెప్పాలి. రెండో గీత వైపు జరిగితే, లేవాలనిపించకపోయినా లేచి ఒక్క పని చెయ్యాలి. పెద్దది కాదు, నాలుగు రాళ్లు పేర్చినా చాలు. నేను పాత హాజరుపట్టీలో వాడి పేరున నిద్ర గంటలు రాసేదాన్ని. పొద్దున కాఫీ తాగుతూ, "అప్పా, నేడు నాలుగున్నరేసుకో. డాక్టరమ్మ తిట్టుద్ది, అయిదేసీగూడదా?" అనేవాడు. "పరీక్షలో కాపీ కొడతావా?" అనేదాన్ని నేను.

వాడు చింతగుడ దారి మీద నడిచేవాడు కాదు. పిచ్చిలో వేసిన దారి అని సిగ్గు. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి ఏడాది పట్టింది. ఆమె అంది, "నిన్ను నిద్రపోనివ్వనిది జబ్బు. రాళ్లు పేర్చింది నువ్వు. రాయి మీద రాయి ఎలా పెట్టాలో జబ్బుకేం తెలుసు తాతారావ్?"

ఆ వారమే కొండెక్కాడు. తిరిగివచ్చి, "రెండో మలుపు కాడ కాలవ నేదు. ఆ పొద్దు మర్సిపోయినాను," అని గునపం తీసుకుని మళ్లీ వెళ్లాడు.

రెండున్నరేళ్లు మంచిగా ఉన్నాడు. పూర్తిగా నయమైందని చెప్పను. ఒకసారి జారాడు, పట్టుకున్నాం. ఆ పట్టుకోవడం నేర్చుకున్నాం.

కొండ మీద సోంబరు అని డప్పు వాయించే మనిషి ఉన్నాడు. చైత్ర పర్వానికి నాలుగు రోజులు ఆగకుండా వాయించి, పండగ అయ్యాక నెలన్నర చాప మీంచి లేవలేదు. అందరూ కల్లు అన్నారు. తాతారావు ఒక్కడే చూసి వచ్చి, "అప్పా, ఆడి బుడగ గొట్టమే దాటిపోయినాది. నా జబ్బే," అన్నాడు. తానే దగ్గరుండి విశాఖ తీసుకెళ్లాడు. అప్పటి నుంచి ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు. రైలెక్కి మందుల కోసం వెళ్తుంటే పెళ్లికి వెళ్తున్నట్టు ఉండేది.

ప్రతిసారీ నేను వెంట వెళ్లేదాన్ని. డెబ్బై ఎనిమిది ఫాల్గుణంలో మాత్రం వెళ్లలేదు. నన్ను రెండు నెలల ట్రైనింగుకు పాడేరు పంపారు. ఇద్దరూ తామే వెళ్లి, రక్తపరీక్ష చేయించుకుని, రెండు నెలలకు మందులూ చీటీలూ తెచ్చుకున్నారు. పరీక్ష బాగానే ఉంది. చీటీ ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఇంగ్లీషు చదివే మనిషిని నేను, నేను పాడేరులో ఉన్నాను. అమ్మ ఆ చీటీని ఆరోగ్య కేంద్రంలో కాంపౌండరు జగన్నాథరావు దగ్గరికి తీసుకెళ్లి, పథ్యం ఏమైనా ఉందా బాబూ అని అడిగింది. ఆయన చదివి, ఉప్పు మానెయ్యమన్నారని చెప్పాడు. అప్పుడే సోంబరు చీటీ కూడా చూసి అదే చెప్పాడు.

అమ్మకు ఆ మాట కొత్త కాదు. మందు ఏదైనా పథ్యం ఉండాలి, పథ్యమంటే ముందుగా మానవలసింది ఉప్పు. మాకు జ్వరాలొచ్చినా, పురుళ్లొచ్చినా చప్పిడి కూడే పెట్టింది. మూడేళ్లుగా ఈ మందుకు పథ్యం లేదేమిటా అని ఆమెకు లోలోపల బెంగ. ఇప్పుడు డాక్టరమ్మే రాసిందంటే ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది. కొడుకుతోపాటు తానూ ఉప్పు మానేసింది.

వాడు నాకు పాడేరుకు ఉత్తరం రాశాడు. "అమ్మ చప్పిడి కూడు పెడతన్నాది. గొడ్డుకైనా కుడితిలో కాసింత ఉప్పేస్తారు. నువ్వు బేగి వచ్చేయ్." నేను చదివి నవ్వుకున్నాను. జవాబు రాశాను. "అమ్మ మాట విను. పథ్యం చేస్తే పోయేదేమీ లేదు."

పోయేదేమీ లేదు అని రాశాను. నా చేతిరాతే. చాలా గుండ్రంగా ఉంది.

వాంతులు మొదలయ్యాయని, చేతులు వణుకుతున్నాయని, మాట ముద్దగా వస్తోందని నాకు ఎవరూ రాయలేదు. జగన్నాథరావు చూసి, పిచ్చి తిరగబెట్టిందని, పథ్యం ఇంకా గట్టిగా చెయ్యమని, మాత్ర మాత్రం మానొద్దని చెప్పాడట. అమ్మ మజ్జిగలో వేసే చిటికెడు ఉప్పు కూడా తీసేసింది. టెలిగ్రాం అంది నేను వచ్చేసరికి వాడు నన్ను గుర్తుపట్టి, "హాజరు" అన్నాడు. అది వాడి ఆఖరి హాస్యం. మర్నాడు జీపు దొరికింది.

పదకొండో రోజున వాడి ట్రంకుపెట్టె సర్దుతుంటే చీటీ కనిపించింది. డాక్టరమ్మ రాత నాకు అలవాటే. మొదటి లైను చివర "నో సాల్ట్" అని ఉంది. రెండో లైను మొదట్లో "రిస్ట్రిక్షన్" అని ఉంది. దాని మీద ఆస్పత్రి ముద్ర పడింది. ఊదారంగు కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి, చూడదలచుకుంటే.

రిస్ట్రిక్షన్ అంటే ఆంక్ష. ఉప్పు మీద ఆంక్ష లేదు. ఉప్పు మామూలుగా తినవచ్చు.

నేను నేల మీద కూర్చుని ఆ రెండు లైన్లనూ ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఆయన ఉప్పు దగ్గర ఆగిపోయాడు. వాక్యం ఆగలేదు.

అప్పటికి అది వాడి ప్రాణం తీసిందని నాకు తెలియదు. తప్పు చదివారన్నదే తెలుసు. మర్నాడు ఉదయం బండికి విశాఖ వెళ్లాను. డాక్టరమ్మ ముందు చీటీ పెట్టి, "ఇంట్లో రెండు నెలలు ఉప్పు మానిపించారు," అన్నాను. ఆమె చీటీ తీసి చదివింది. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది.

"సరళగారూ, ఈ మందు కూడా ఒక లవణమే. ఒంట్లో ఉప్పు తగ్గిపోతే, మూత్రపిండాలు ఈ మందునే ఉప్పనుకుని బయటికి పోనివ్వవు. పేరుకుంటుంది. విషమవుతుంది. వణుకు, వాంతులు, మాట ముద్ద, తూలడం... అతను అలాగే..."

"అలాగే."

"అందుకే గదా ఈ మార్చి నుంచి ప్రతి చీటీలోనూ ఇది రాస్తున్నాను."

"ఎవరికి రాశారు?" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు.

"మా అమ్మకు తెలుగే చదవడం రాదు. సోంబరుకు ఏదీ రాదు. ఇది ఎవరు చదువుతారని రాశారు? మొదటి రోజు మీరు నాతో ఏమన్నారో గుర్తుందా? నీళ్లు బాగా తాగాలి, తిండి ఎప్పటిలాగే తినాలి అన్నారు. ఎప్పటిలాగే అన్న మాటలో ఉప్పు ఉందని మీరనుకున్నారు. మందు తినేవాడికి ఎప్పటిలాగే ఎవరైనా పెడతారా మా ఇళ్లలో? ఉప్పు అని ఒక్క మాట. తెలుగులో రెండక్షరాలు."

గదిలో ఇంకా రోగులు ఉన్నారు. నేను గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదేమో. ఆమె ఒక్కటే అడిగింది.

"సోంబరు ఎలా ఉన్నాడు?"

అప్పటివరకు నాకు ఆ ఆలోచన రాలేదు. నా తమ్ముడి శవం పక్కన ఇంకెవరినీ చూడలేదు.

"మాత్రలు వెంటనే ఆపండి. ఉప్పు వేసిన గంజి, నీళ్లు పట్టించండి. వణుకు ఉంటే ఒక్కరోజు కూడా ఆగకుండా ఇక్కడికి తీసుకురండి. నేను ఇక్కడే ఉంటాను," అంది.

మర్నాడు పొద్దున తిరుగుబండిలో దిగి, ఇంటికి వెళ్లకుండా చింతగుడ దారి పట్టాను. తాతారావు వేసిన దారి కాబట్టి గంటలో ఎక్కగలిగాను. సోంబరు ఇంటి ముందు పొయ్యి దగ్గర అతని భార్య యర్రమ్మ లేదు. మా అమ్మ కూర్చుని ఉంది.

"ఏటే, ఇలాగొచ్చీసినావు? సెప్పకండా ఊరూరా తిరుగుతావా?" అంది నన్ను చూసి. గరిటెతో గంజి కలుపుతోంది. "ఈల్లు పథ్యం సరిగ్గా సెయ్యనేదే. ఎండుసేపలు ఏసి కూరొండీసి, ఆడికీ అదే పెట్టీసినారు. మనోడికి పట్టిన గతే ఈడికీ పడతాదని వారం బట్టి నానే వొచ్చి వొండుతన్నాను. ఉప్పు కల్లు తగలనివ్వనేదు."

యర్రమ్మ నీళ్లబిందె దించుతూ, "అమ్మ దయ," అంది.

లోపల చాప మీద సోంబరు. నన్ను చూసి లేవబోయి తూలాడు. చేతులు చూశాను. ఆ వణుకు నాకు తెలుసు. నాకంటే బాగా ఎవరికీ తెలియదు.

"టీచరమ్మా," అన్నాడు ముద్దగా. "మా తాతలు ఉప్పు కోసరం సాలూరు దాకా నడిసీవోరు. ఇపుడు ఇంటికాడే ఉన్నాది, తిననివ్వరు. మీ యమ్మకి సెప్పు."

అంటే, రెండు నెలలపాటు ఆ ఇంటివాళ్లు మాట వినకపోవడం వల్లనే అతను బతికి ఉన్నాడు. మా ఇంట్లో మాట విన్నాం.

నా దగ్గర నిజం ఉంది. రెండు వాక్యాలు. చెప్పాలంటే అమ్మ మొహంలోకి చూసి చెప్పాలి. ఆమె చేతిలో గరిటె ఉంది. మూడు పూటలా కొడుకుకు విడిగా గిన్నె పెట్టి, వాడు మొహం తిప్పుకుంటే బతిమాలి, తానూ అదే తిని, రెండు నెలలు తపస్సు చేసినట్టు వండిన మనిషి. ఇంకా చప్పిడే తింటోంది. నేను నోరు తెరిచాను.

"డాక్టరమ్మ మందు మార్చింది," అన్నాను. "కొత్త మందుకు ఉప్పు తినాలట. ఎక్కువ తినాలట. పాత మాత్రలు ఇచ్చెయ్యి యర్రమ్మా."

అమ్మ గరిటె ఆపింది. "మారిసీసిందా?"

"మార్చింది."

నేనే ఉప్పు వేసి గంజి తాగించాను. నలుగురు మనుషులు డోలీ కట్టి సోంబరును స్టేషనుకు దింపారు. మధ్యాహ్నం బండిలో అతన్నీ, యర్రమ్మనూ తీసుకుని మళ్లీ విశాఖ వెళ్లాను. డాక్టరమ్మ అన్నట్టే అక్కడే ఉంది. తొమ్మిది రోజులకు అతను తన చేతితో తాను అన్నం తిన్నాడు. పదో రోజు మంచం పట్టీ మీద వేళ్లతో డప్పు వాయిస్తే నర్సు కసిరింది. ఈసారి డాక్టరమ్మ యర్రమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఉప్పు డబ్బా తెప్పించి, మూత తీసి చూపించి చెప్పింది.

తిరిగివచ్చిన మర్నాడు ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. జగన్నాథరావు కూర్చోమన్నాడు. కూర్చోలేదు. చీటీ బల్ల మీద పెట్టాను.

"చదవండి."

"చూశానండీ ఇది. నో సాల్ట్..."

"పైకి చదవండి. లైను చివర ఆగకుండా. చుక్క వచ్చేదాకా."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. నో సాల్ట్ దాకా చదివి, కింది లైనుకు వచ్చి, ముద్ర మీద వేలు పెట్టి, ఆగాడు. పెదవులు కదిలాయి. మళ్లీ మొదటి నుంచి చదివాడు. మాట రాని పిల్లవాడిలా కూడబలుక్కుని చదివాడు.

"అర్థం చెప్పండి," అన్నాను.

"ముద్ర పడిపోయిందండీ..."

"అర్థం."

చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు. ఆ మాటకు అర్థం ఆయనకు తెలుసు. అది నాకు ఇంకా మంట పుట్టించింది. తెలియనివాడైతే క్షమించేదాన్నేమో.

"టీచరుగారూ, పథ్యం అడక్కుండా ఇక్కడ మందు పట్టుకెళ్లే మనిషున్నాడా?" అన్నాడు. "ఏటి మానాలి బాబూ అని గుమ్మంలో నిలబడిపోతారు. ఏదో ఒకటి చెప్పకపోతే మందే నమ్మరు. ఒకరికి వంకాయంటాను, ఒకరికి గుమ్మడంటాను. ఇందులో రాసే ఉందనుకున్నాను. మీ అమ్మగారు ఉప్పు అనగానే ఎంత సంతోషపడ్డారో..."

"వణుకుతుంటే కూడా పథ్యం పెంచమన్నారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. ఆ తడి నన్ను ఏమీ చెయ్యలేదు.

"అర్జీ పెడతాను," అన్నాను.

"పెట్టండి. తప్పు నాదే. కానీ ఎంక్వైరీకి వస్తే ముందుగా మీ ఇంటికే వస్తారు. వండి పెట్టిందెవరని అడుగుతారు. అమ్మగారి వేలిముద్ర తీసుకుంటారు."

బెదిరింపు కాదు. జరిగేది చెప్పాడు. అదే నాకు భరించరానిదైంది. నేను చీటీ తీసుకుని వచ్చేశాను.

అబద్ధం చెప్పి అమ్మను కాపాడాననుకున్నాను. వారం తిరగకుండా అది తన పని మొదలుపెట్టింది. ఒక రోజు నేను బడికి చీర కుచ్చిళ్లు పెట్టుకుంటుంటే అమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది.

"సరళా, ఆ కొత్త మందు ముందే ఉన్నాదేటి?"

"ఏమో అమ్మా."

"సోంబరుకిచ్చింది, మనోడికెందుకివ్వనేదే ఆ డాక్టరమ్మ? మనోడు సేసిన పాపమేటి? మూడేల్లు పాత మందు మింగించి సంపీసినాది గదే!"

నేను బడికి వెళ్లిపోయాను. అమ్మ ఆ ప్రశ్నను నీళ్లరేవు దగ్గర అడిగింది, సంతలో అడిగింది. కొడుకు పోయిన తల్లి అడిగితే ఎవరు కాదంటారు? తాతారావు బతికుండగా ఒక మంచి పని జరిగింది. వాడినీ సోంబరునూ చూసి, జబ్బు అనే మాట ఊళ్లో కొంచెం కొంచెంగా నిలబడుతోంది. బుధు అనే రైతు కూతురు చైత్రం నుంచి మూల కూర్చుని తల ఎత్తడం లేదు. సోంబరుతోపాటు ఆ పిల్లనూ విశాఖ తీసుకెళ్లాలని తాతారావే చెప్పి ఒప్పించాడు. నేను మొన్న బుధు ఇంటికి వెళ్లాను.

"మా గుంటని ఆ డాక్టరమ్మ కాడికి పంపను," అన్నాడు. "పాత మందిచ్చి సంపేత్తాది. మీ యమ్మే సెప్పినాది గదా. నీ కంటే మీ యమ్మకి తెల్దా?"

"మా అమ్మకు తెలియదు బుధూ."

"మరి నువ్వెందుకు సెప్పవు?"

ఆ పిల్ల మూల నుంచి మా ఇద్దరి వైపూ చూసింది. పదహారేళ్లుంటాయి. చూపు తాతారావుదే. నేను లేచి వచ్చేశాను.

డాక్టరమ్మ నుంచి కార్డు వచ్చింది. చీటీలు ఇకమీదట తెలుగులో రాస్తానంది. నాలుగు చీటీలు నమూనాకు పంపి, వాక్యాలు దిద్దమంది. దిద్ది పంపాను. జగన్నాథరావు ఆరోగ్య కేంద్రంలోనే ఉన్నాడు. మిగిలిన ఊళ్లవాళ్ల చీటీలు ఇప్పటికీ ఆయనే చదువుతున్నాడు. నేను ఎదురుపడితే దారి తప్పుకుంటాడు.

అర్జీ రాసి నెలా పదిరోజులైంది. రెండు పేజీలు. ఒక్క మాట ఎక్కువా తక్కువా లేదు. ఇంకా పోస్టు చెయ్యలేదు. బుధు కూతురు ఇంకా ఆస్పత్రికి వెళ్లలేదు. అమ్మకు ఉప్పు సంగతి నేను ఇంకా చెప్పలేదు.